మూరెడు లెన్సు

రాజులు పోయినా దర్పం పోని ఓ సంస్థానంలో, తాను నేసిన చీరలకు ఫొటోలు తీసుకుందామని సాంబయ్య మొదటిసారి డిజిటల్ కెమెరా కొనబోయాడు. కొట్టు యజమాని గజపతిరాజు అతని చెప్పుల వంక చూసి మూతి విరిచాడు.

"కెమెరాతో వచ్చే ఈ బుడ్డ లెన్సు పిల్లలాటకోయ్! ఈ మూరెడు లెన్సు కొను. కొండ మీది కాకి కన్ను కూడా కనబడుతుంది."

సాంబయ్యకు ఒళ్లు మండింది. అయినా వినయంగా, "అయితే దాంతో ఈ చీర మొత్తం తీసి చూపించండి బాబూ," అంటూ తాను తెచ్చిన చీర గోడకు వేలాడదీశాడు.

ఆ లెన్సులోంచి రాజుగారికి చీర అంచు తప్ప ఏమీ కనబడలేదు. వెనక్కి నడిచాడు, గుమ్మం దాటాడు, చివరికి రోడ్డవతల కాఫీ హోటల్లో తేలాడు.

"వచ్చింది!" అని అక్కణ్ణుంచి అరిచాడు.

"మా మగ్గం గది మీ కొట్టులో సగమే బాబూ, నాకా బుడ్డదే ఇవ్వండి!" సాంబయ్య గొంతెత్తాడు. "మూరెడుది మీరే ఉంచుకోండి. మీరూ దూరం నుంచి చూస్తేనే బాగుంటారు!"