నోట్లో రీడు, వెనక పిలుపు

అనగనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో అప్పలసూరి అని ఒక బ్యాండుమేళం ఆయన ఉండేవాడు. పెళ్ళిళ్ళకి శాక్సాఫోన్ వాయించేవాడు. అదేనే, తొండంలా పైకి వంపు తిరిగిన ఇత్తడి బాకా. ఊఁ కొట్టు. కొట్టకపోతే నేను చెప్పను, తెలుసుగా నా సంగతి.

ఆ బాకా నోటి దగ్గర రీడు అని చిన్న పలక ఉంటుంది. అది అదిరితేనే పాట, లేకపోతే బాకా మూగదే. అప్పలసూరిది రెల్లు చెక్కి చేసిన రీడు. వాయించేముందు దాన్ని నోట్లో నానబెట్టుకోవాలి. అందుకని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే నోట్లో పెట్టేసుకునేవాడు. ఇక ఎవరు పలకరించినా ఉలకడు, పలకడు. పెళ్ళాం పైడమ్మ చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా అంతే. నోట్లో రీడు పడితే దేవుడొచ్చినా పలకడమ్మా ఈయన, అని ఆవిడ ఊరంతా చెప్పుకునేది.

పైగా రెల్లు రీడుకి వేషాలెక్కువ. వానొస్తే ఉబ్బుతుంది, ఎండొస్తే బిగుసుకుంటుంది, ఒక్కోసారి పెళ్ళివారి ముందే చీలి పరువు తీస్తుంది. అప్పుడు పైడమ్మే పోరుపెట్టి పట్నంలో ప్లాస్టిక్ రీడు కొనిపించింది. దాన్ని నానబెట్టక్కర్లేదు. తగిలించుకుని ఊదడమే. ఇన్నాళ్ళకి నా మొగుడు పిలిస్తే పలుకుతున్నాడని ఆవిడ ఎంత సంబరపడిందో.

ఆ సంబరమే కొంప ముంచింది.

ఊరు దాటగానే సరుగుడు తోట ఉంది. అందులో ఒక దెయ్యం. దానికి సొంత గొంతు లేదు. మిట్టమధ్యాహ్నం, మన నీడ మన కాళ్ళ కిందికి వచ్చే వేళ, మనకి బాగా కావలసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది. వెనకనించే పిలుస్తుంది, ఎదటికి రావడం దాని వల్ల కాదు. మనం "ఆఁ" అన్నామా, మన గొంతు లాక్కుంటుంది. ఆ తర్వాత ఊపిరి కూడా కొంచెం కొంచెంగా పీల్చేస్తుంది. పలక్కూడదని ఊళ్ళో అందరికీ తెలుసులే. కానీ కావలసిన గొంతు పిలిస్తే ఎవరికి గుర్తుంటుంది? అప్పలసూరి అన్నేళ్ళూ బతికిపోయింది నోట్లో రీడు ఉండబట్టే. ఆ సంగతి ఆయనకీ తెలీదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం బాకాకి ప్లాస్టిక్ రీడు తగిలించుకుని తోటలోంచి వెళ్తున్నాడు. నోరు ఖాళీ. వెనకనించి, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ గొంతు సూరీ అని పిలిచింది. అప్పుడు పాపం, పిచ్చి సన్నాసి, "ఆఁ, అమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి గొంతు లేదు. ఆ తర్వాత రోజురోజుకీ ఊపిరి సన్నబడిపోయింది. మంచం పట్టాడు. పైడమ్మ ఆయన ముక్కు కింద వేలుపెట్టి చూసుకుంటూ కూర్చునేది. ప్లాస్టిక్ కొనిపించి నేనే పలికించాను, నేనే చంపుకుంటున్నాను అని ఏడ్చేది.

వాళ్ళకి నూకాలు అని ఒక్కతే కూతురు. తండ్రి దగ్గరే బాకా నేర్చుకుంది. మేళంలో డోలు కొట్టే తవిటయ్య తాత వచ్చి ఆ పిల్లకి చెప్పాడు. అదే తోటలో, అదే వేళకి, దెయ్యం మూడుసార్లు పిలిచినా పలక్కూడదట. ఆ తర్వాత నాన్న పాట చివరికంటా వాయిస్తే పోయిన గొంతు తిరిగొస్తుందట. పలికినా, పాట మధ్యలో ఆగినా, వెళ్ళినవాళ్ళ గొంతు కూడా పోతుందట. ఎండకి రెల్లు చీలుతుంది, ప్లాస్టిక్కే పట్టుకెళ్ళు అని కూడా చెప్పాడు.

పైడమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుంది. మొగుణ్ణీ కూతుర్నీ ఇద్దర్నీ పోగొట్టుకోమంటావా అంది. నూకాలు తండ్రి వైపు చూసింది. ఛాతీ లేస్తోందో లేదో కూడా తెలీడం లేదు. అప్పుడు దొడ్డి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. బాకాకి ప్లాస్టిక్ రీడు తగిలించింది. పెట్టెలో మిగిలిన ఒక్క రెల్లు రీడూ ఓణీ చెంగున ముడేసుకుంది.

తోటలో ఇసక కాలిపోతోంది. ఆకు కదలడం లేదు, అయినా సరుగుడు చెట్లు ఉస్సుమంటున్నాయి. నూకాలు తోట మధ్యకి వెళ్ళి నిలబడింది. అప్పుడు వెనకనించి పక్కింటి స్నేహితురాలి గొంతు పిలిచింది. "ఆ" అని సగం వచ్చేసింది కూడా. గట్టిగా నాలిక కరుచుకుంది. నోరంతా ఉప్పగా అయింది. దెయ్యానికంటే తన నోటికే ఎక్కువ భయపడింది.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. అమ్మ ఎంత సాధించినా నోట్లో రీడుతో పలకని నాన్న. గబగబా ముడి విప్పి రెల్లు రీడు నాలిక మీద పెట్టుకుని పెదాలు బిగించింది.

ఆ తర్వాత అమ్మ గొంతు వచ్చింది. కాల్లో ముల్లు దిగింది, నడవలేకపోతున్నానే అని ఏడ్చింది. నూకాలు కళ్ళు మూసుకుని రీడు చప్పరించింది.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఉస్సుమనే చెట్లు కూడా ఆగిపోయాయి. అప్పుడు సరిగ్గా చెవి వెనక, మెల్లిగా:

"నూకాలూ, నాన్ననే. ఒక్కసారి పలకవే తల్లీ."

పిలుపు దొంగదే గానీ గొంతు నాన్నదే. ఎన్నాళ్ళయిందో విని. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, నోరు తెరుచుకుంది. నానిన రీడు నాలిక్కి అతుక్కుపోయి ఉంది. మాట బయటికి రాలేదు.

మూడు పిలుపులూ అయిపోయాయి. అప్పుడు ప్లాస్టిక్ రీడు ఊడదీసి, ఆ నానిన రీడే బాకాకి బిగించి, అప్పగింతలప్పుడు నాన్న వాయించే పాట ఎత్తుకుంది. వెనకాల నాన్న గొంతు సన్నగా పాటతో కలిసింది. కలిసి, దెయ్యం నోట్లోంచి జారి, ఇంటి వైపు కదిలింది. ఇంకొక్క చరణం ఉందనగా రెల్లు చీలిపోయింది. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. నూకాలు చీలినదాన్ని పీకేసి ప్లాస్టిక్ రీడు తగిలించింది. దానికి నానబెట్టే పనిలేదుగా, దెయ్యం గుక్క తిప్పుకునేలోపు చరణం పూర్తిచేసి వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

ఇంటి వాకిట్లోకి వచ్చింది. లోపల్నించి నాన్న గొంతు, నూకాలూ అని పిలిచింది.

పలకలేదు. ఎలా పలుకుతుంది? ఆ గొంతు మళ్ళీ పిలిచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికెళ్ళింది. అప్పలసూరి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నూకాలు ఎదురుగా నిలబడి ఆయన పెదాల వైపే చూసింది. పెదాలు కదిలాయి.

"ఎండలో ఎక్కడికెళ్ళావే?"

అప్పుడు అంది నూకాలు, "ఆఁ, నాన్నా" అని. ఆ రోజంతా, పిలవకపోయినా అంటూనే ఉంది.

ఆ తర్వాత వాళ్ళ పెట్టెలో రెండు రీడులూ ఉండేవి. వానకి ప్లాస్టిక్, తోట దాటడానికి రెల్లు. పైడమ్మ మటుకు వంటింట్లోంచి పిలవడం మానేసి, గరిటె పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడి ఉప్పు సంగతి అడిగేది. ఆయన తలాడించేవాడు.

ఏమే, ఊఁ కొట్టడం మానేశావేం? భయమా? నేను వెనకాల లేనే, నీ ఎదురుగానే ఉన్నాను. ఇదుగో నా చెయ్యి, పట్టుకో. ఆఁ, అలాగ.

కథ కంచికెళ్ళె,
గొంతు ఇంటికొచ్చె,
రీడు పెట్టెలో పండె,
మా పిల్ల పక్కలో పండె.