దొర రాసుకున్న పెళ్ళి

కూర్మన్న గురువుగారికి ప్రశ్న అంటే ఇష్టం, వాదన అంటే చిరాకు. ఎవరైనా వాదనకి దిగితే కళ్ళజోడు తీసి పంచె చెరగుతో తుడుచుకుంటూ, "ఒక సంగతి జరిగింది, విను" అనేవారు. ముప్పై ఏళ్ళు మన్యంలో బడిపంతులుగా చేసి, రిటైరయ్యాక కొండ కింద ఊళ్ళో స్థిరపడ్డారు. ఆదివారం పొద్దున్న ఆయన ఇంటి అరుగు మీద పదిమందిమి చేరి తత్వాలు చెప్పించుకునేవాళ్ళం. మాలో పెద్ద ఉద్యోగి జగన్నాథరావు గారు. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. కులధ్రువీకరణ ఫైళ్ళన్నీ ఆయన బల్ల మీదుగానే పైకి పోవాలి. మనిషి మంచివాడు, లంచం ముట్టడు, నియమం తప్పడు. ఆ మాట ఆయనే అందరికీ చెబుతుంటాడు.

ఒక ఆదివారం ఆయన చేతిలోని పేపరు మడిచి పక్కన పడేసి అడిగారు. "గురువుగారూ, తెల్లవాడు పోయి డెబ్బై అయిదేళ్ళు దాటింది. మా సంస్కృతి పాడుచేశాడు, మా హక్కులు లాక్కున్నాడు అని ఇప్పటికీ ఏడుస్తూ కూర్చునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. పోయినవాడి మీద ఇంకా కోపం దేనికండీ? మన పని మనం సరిగ్గా చేసుకుంటే చాలదా?"

గురువుగారు కళ్ళజోడు తీశారు. ఆయన చెప్పిన సంగతిని నా మాటల్లో రాస్తున్నాను. ఆయన చాలా శాంతంగా చెప్పారు. ఆ శాంతం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తున్నాను.

ఆయన పనిచేసిన కొండ మీద ఒక జాతి ఉంది. పేరు చెప్పలేదు. చెబితే మళ్ళీ ఎవరో ఒకరు పుస్తకం తిరగేస్తారన్నారు. వాళ్ళ పెళ్ళి మూడు రోజులు. మొదటి రెండు రోజులు ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, తినవచ్చు, తాగవచ్చు. మూడో రోజు పొద్దున్న మాత్రం బయటివాళ్ళని మర్యాదగా గూడెం దిగువకి పంపేస్తారు. ఆ పూట లోపల ఏం జరుగుతుందో ఆ జాతిలో పుట్టినవాళ్ళకీ, ఆ ఇళ్ళకి కోడళ్ళుగా వచ్చినవాళ్ళకీ తప్ప ఇంకెవరికీ చెప్పరు. ముప్పై ఏళ్ళలో గురువుగారు ఎన్నో పెళ్ళిళ్ళు చూశారు. ప్రతిసారీ మూడో రోజు ఆయనకి ఒక బెల్లం ముక్కా, దోసెడు అటుకులూ ఇచ్చి చింతచెట్టు కింద కూర్చోబెట్టేవారట. "నేనూ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారు. ఎందుకు వాళ్ళని ఇబ్బంది పెట్టడం?" అన్నారు.

ఆ జాతి పిల్ల సుభద్ర. గురువుగారి దగ్గరే అక్షరాలు దిద్దుకుంది. తండ్రి చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయాడు. కొండ మీద డాక్టరుండి ఉంటే బతికేవాడే. నాయనమ్మ సుక్రమ్మ పెంచింది. పట్టుదలగా నర్సు చదువు చదివి, వాళ్ళ కొండకి దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలోనే ఉద్యోగం తెచ్చుకుంది. ఆ జాతిలో అది మొదటి ఉద్యోగం. చేరే రోజు రాకముందే ఎవరో పై ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఈ అమ్మాయి చక్కటి తెలుగు మాట్లాడుతుంది, చుడీదారు వేసుకుంటుంది, గిరిజనురాలిలా లేదు, విచారించండి అని. అంతే. ఉద్యోగం ఆగిపోయింది, విచారణ సంఘం కూర్చుంది. పిల్లకి తోడుగా నాయనమ్మా, కాగితాలు చదివిపెట్టడానికి గురువుగారూ వెళ్ళారు.

వీళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చునేసరికి లోపల ఇంకొకరి విచారణ నడుస్తోంది. మైదానంలోని ఒక కాంట్రాక్టరు కొడుకు, అదే జాతి అని సర్టిఫికెట్టు పెట్టి ఏదో పెద్ద ఉద్యోగానికి ఎంపికయ్యాడు. తలుపు తెరిచే ఉంది. ఇస్త్రీ ప్యాంటు వేసుకున్న ఆ మనిషి ఆఫీసు తివాచీ మీద నాలుగు కాళ్ళ మీద వంగి, దూడలా అంబా అని అరుస్తున్నాడు. సంఘంవాళ్ళు తల ఊపుతూ రాసుకుంటున్నారు. లేచి మోకాళ్ళు దులుపుకుంటే ఒకాయన టీ కూడా తెప్పించాడు. వీళ్ళ ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదు.

సుభద్ర వంతు వచ్చింది. సంఘంలో గిరిజన సంస్కృతుల నిపుణుడు ఒకాయన ఉన్నాడు. ఆయన ముందు లావుపాటి పాత పుస్తకం, అట్ట ఊడిపోకుండా గుడ్డ అంటించి ఉంది. నూరేళ్ళ కిందట ఒక తెల్లదొర మన్యమంతా తిరిగి రాసిన జాతుల వివరం అది. ఆయన అడిగాడు. "మీ పెళ్ళిలో మూడో రోజు పెళ్ళికొడుకు ఏం చేస్తాడు?"

సుభద్ర నాయనమ్మ వైపు చూసి, "అది బయటివాళ్ళకి చెప్పకూడదండి" అంది.

"చెప్పకూడదా, తెలియదా?" అని ఆయన నవ్వి, పుస్తకంలో వేలు పెట్టి చదివాడు. ఈ జాతి పెళ్ళికొడుకు మూడో రోజు అత్తవారి గుమ్మం ముందు నాలుగు కాళ్ళ మీద నడుస్తూ, దూడలా అరిచి, అత్తగారి చేతి గడ్డి తింటాడు. అప్పుడుగానీ పిల్లని పంపరు. "ఇది చేస్తారా, చెయ్యరా?"

"లేదండి. అలాంటిది మాలో లేదు" అంది సుభద్ర.

"అయితే నువ్వు ఆ జాతి కాదు" అన్నాడాయన. అంత తేలిగ్గా అన్నాడు. పుట్టుక, తల్లి, తండ్రి, కొండ, మాట్లాడే భాష, అన్నీ ఒక్క ముక్కతో కొట్టేశాడు.

అప్పుడు ముసలమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓలమ్మో, ఆ మాట ఇక్కడుందేటి! అది మా తాత బోడన్న ఆడిన అబద్దం బాబూ. తెల్లదొర గుడారం ఏసుకుని మూడ్రోజులున్నాడట. ఇత్తనాలేసే అదునులో మగోలందర్నీ పట్టుకుపోయి ఆడి పెట్టెలు కొండెక్కించినాడట. తలకాయలకి ఇనప చట్రం పెట్టి కొలిసినాడట. పెల్లికి ఏటి సేస్తార్రా అని ఒగటే అడగడం. ఆడి పోరు పడలేక మా తాత అలగ సెప్పీసినాడు. ఆడు పోయినాక గూడెమంతా నెల్లాళ్ళు నవ్వినారు. నా సిన్నప్పుడు కూడా సెప్పుకుని నవ్వీవోలం."

ఆ జనానికి రాత లేదు. చెప్పిన మాట విన్నవాడితో పోతుంది, వేసిన డేరాతో పాటు అబద్ధం కూడా కొండ దిగిపోతుంది అనుకున్నారు పాపం. అది దొరల సీమకి వెళ్ళి, అచ్చయి, అట్ట వేసుకుని, తిరిగొచ్చి వాళ్ళ మనవరాలి మనవరాలి మీదే సాక్ష్యం చెబుతుందని ఏ మనిషి ఊహిస్తాడు?

నిపుణుడు అడిగాడు. "మీ తాత అబద్ధం చెప్పాడనడానికి లిఖితపూర్వకంగా ఏదైనా ఆధారం ఉందా?"

"రాత మాకెక్కడిది బాబూ?"

"సరే, అసలు ఏం చేస్తారో చెప్పు. రాసుకుంటాం. పుస్తకం తప్పయితే దిద్దుకుంటాం."

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. "అది సెప్పకూడదు" అంది.

పదిహేను రోజులు గడువిచ్చారు. బయటికొస్తే ఆఫీసు గుమాస్తా వెనకాలే వచ్చి జాలిపడ్డాడు. "ఎందుకొచ్చిన గొడవ మాస్టారూ. ఎదురుగా జెరాక్సు షాపులో ఆ పేజీ దొరుకుతుంది, తెలుగు చేసిపెట్టారు. అందరూ అది బట్టీపట్టే వస్తారు. పొద్దుట వచ్చినాయనా అంతే." ఆ జాతి కాని ప్రతివాడికీ ఆ జాతి ఆచారం వచ్చు. రానిది ఆ జాతివాళ్ళకి మాత్రమే!

కొండ మీద పెద్దలు కూర్చున్నారు. మూడో రోజు సంగతి విప్పి చెప్పేద్దాం, పిల్ల ఉద్యోగం దక్కుతుంది అన్నారు కొందరు. ఒకసారి కాగితమెక్కితే అది ఇంక మనది కాదు, రేపు అదీ జెరాక్సు షాపులో అమ్ముతారు అన్నారు కొందరు. వాదులాట ముదురుతుంటే సుభద్రే లేచింది. "ఎవరూ ఏమీ చెప్పొద్దు. ఆ పేజీయే చదివేస్తాను. మన కొండకి మందిచ్చే మనిషి కావాలి. నాన్న ఎలా పోయాడో మర్చిపోయారా?" అంది.

రెండో విచారణలో సుభద్ర అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. గుమ్మం, దూడ, అరుపు, గడ్డి. నిపుణుడి ముఖం విప్పారింది. "చూశావా, ఎంత బాగా చెప్పావో! పోయినసారి సిగ్గుపడ్డావు. మీ సంస్కృతి గురించి మీరే సిగ్గుపడితే దాన్ని ఎవరమ్మా కాపాడేది?" అన్నాడు. చెప్పడానికి నోరెలా వచ్చిందో! అంతటితో ఆగినా బాగుండేది. నిజంగానే ఆసక్తి పుట్టింది పాపం, కలం పట్టుకుని ముందుకి వంగాడు. "మీ నాన్న కూడా గడ్డి తిన్నాడా? ఏ గడ్డి?"

సుభద్ర నోరు తెరిచింది, మాట రాలేదు. అవునంటే చాలు. ఒక్క మాట. ఉద్యోగం, కొండకి మందు, నాలుగేళ్ళ చదువు, అన్నీ ఆ ఒక్క మాటకి అవతల ఉన్నాయి. ఆ పిల్ల కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ తండ్రి గడ్డి తిన్నాడని మాత్రం అనలేకపోయింది.

వాళ్ళు ఆ మౌనాన్ని అవుననుకున్నారు. వాంగ్మూలం రాసేసి, సాక్షిగా వేలిముద్ర వెయ్యమని సుక్రమ్మ ముందుకి తోశారు. చనిపోయినవాడు ఆమె కొడుకు. ఆమె సిరా పెట్టె దగ్గరికి లాక్కుని, గురువుగారి చేత కాగితం మొత్తం చదివించుకుంది. తర్వాత అంది.

"ఏలు ఏస్తాను బాబూ. గానీ కిందన ఇంకో ముక్క రాయండి. ఇది మావు సేసీది కాదు, మీలాంటోలొచ్చి అడిగితే మావు సెప్పీది అని రాయండి. అప్పుడిది మా ఆసారమే. నిజంగా మాదే."

సంఘం అధ్యక్షుడు సుభద్రని అడిగాడు. "ఏమ్మా, మామ్మ చేత మామూలుగా వేలిముద్ర వేయిస్తావా?"

సుభద్ర ముఖం తుడుచుకుంది. "మా మామ్మ చెప్పినట్టే రాయండి సార్" అంది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అభ్యర్థికి గానీ, సాక్షికి గానీ తమ జాతి ఆచార వ్యవహారాల పట్ల అవగాహన లేదనీ, పైగా ప్రామాణిక గ్రంథాన్ని పరిహసించారనీ, కనుక సర్టిఫికెట్టు రద్దనీ. ఉద్యోగం పోయింది. కాంట్రాక్టరు కొడుక్కి ఖాయమైంది. వాడు కాగితాల మీద ఆ కొండజాతి మనిషి. కొండ మీద పుట్టి, అక్కడి నీళ్ళు తాగి, అక్కడి మట్టిలో తండ్రిని పెట్టుకున్న పిల్ల మాత్రం ఏ జాతీ కాదు. ఎక్కడో పట్నంలో నర్సింగ్ హోంలో ఎవరెవరికో సూదులు వేస్తోంది. ఆ కొండ మీద జ్వరమొస్తే ఇప్పటికీ డోలీ కట్టి మొయ్యాల్సిందే.

గురువుగారు చెప్పడం ముగించేసరికి నాకైతే చేతికందిన దాన్ని దేన్నైనా విసిరికొట్టాలనిపించింది. జగన్నాథరావు గారు మాత్రం ఊరుకోలేకపోయారు. ఇబ్బందిగా కదిలి, "అన్యాయమే గురువుగారూ, నేను కాదనను. కానీ తప్పంతా ఆ తెల్లదొరది కదండీ! సరిగ్గా విచారించకుండా నోటికొచ్చింది రాసిపోయాడు. మా చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే. మేమేం చేస్తాం?" అన్నారు.

గురువుగారు ఆయన్నే చూస్తూ మెల్లగా అన్నారు.

"దొరకి అబద్ధం చెప్పారు, నమ్మాడు నాయనా. మీకు ఆ ముసలమ్మ నిజం చెప్పింది."