దారిచ్చిన స్తంభాలమ్మ

సీతారాంపేట బస్టాండులో దిగి గంటల వీధి ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆ వీధి మూడో మలుపులో, కామేశ్వరరావు గారి అరుగును ఆనుకుని కొలువై ఉన్నదే శ్రీ దారిచ్చిన స్తంభాలమ్మ. అమ్మవారి మూలరూపం సిమెంటుది, ఎత్తు ఎనిమిది మీటర్లు. అడుగు నుంచి మనిషెత్తు వరకు పసుపు, అయిదు వరసల కుంకుమ బొట్లు, శిరస్సున నాలుగు తీగలు ఉంటాయి. తీగల్లో ఇప్పటికీ కరెంటు ఉన్నందువల్ల అభిషేకాలు నిషిద్ధం. భక్తులు మూడడుగుల దూరం నుంచే నమస్కరించుకోవాలి.

పూర్వం ఇక్కడ, అంటే వీధికి కొత్త కరెంటు లైను వేస్తున్న రోజుల్లో, అరుగుకు ఎదురింట్లో మాణిక్యం అనే స్త్రీ తన అత్తగారు అప్పలనరసమ్మతో కలిసి ఉండేది. ఇలాంటి చోట సాధ్వి అని రాయడం ఆచారం. కానీ ఆమెకు నోరు మంచిది కాదని వీధి పెద్దలు ఏకగ్రీవంగా చెప్పినందువల్ల స్త్రీ అనే రాయడమైనది. భర్త చెన్నై వెళ్లి ఏడేళ్లయింది, కబురు లేదు. ఇంటి పట్టా ఆమె పేరునే ఉంది. ట్రాలీ ఆటోలో పొయ్యి, ఇడ్లీ పాత్రలు పెట్టుకుని బస్టాండు దగ్గర టిఫిన్లు అమ్మి ఇద్దరి కడుపులూ నింపేది.

స్తంభానికి ముందుగా సున్నంతో గుర్తు పెట్టిన చోటు కామేశ్వరరావు గారి అరుగు పక్కనే. అది ఆయన పేపరు చదువుకునే చోటు కావడంతో పనివాళ్లకు టీ ఇప్పించి ఎదురుగా చెయ్యి చూపించారు. ఆ సమయానికి మాణిక్యం మార్కెట్‌కు నడిచి వెళ్లింది. పనివాళ్లు తలుపు కొట్టి, "ఇంటికాడ మగోళ్లెవులూ లేరేటమ్మా?" అని అడిగారు.

"నానున్నాను గదేటి" అంది అప్పలనరసమ్మ.

ఎవరూ లేరని నిర్ధారించుకుని వాళ్లు గొయ్యి తవ్వారు. మాణిక్యం తిరిగి వచ్చేసరికి స్తంభం గేటుకు నడిమధ్య నిలబడి ఉంది. ఆటో లోపల ఉంది. పక్కనుంచి మనిషి దూరవచ్చు, ఆటో దూరలేదు.

మాణిక్యం మర్నాటి నుంచి కరెంటు ఆఫీసులో తపస్సు ఆరంభించింది. మునులు ఒంటికాలి మీద చేశారంటారు. ఈమె రెండు కాళ్ల మీదా చేసింది, బెంచీ మీద చోటు లేక. మూడు నెలలకు ఇంజనీరు శేషగిరి గారు ప్రసన్నులై అర్జీ చూశారు.

"మీవారిని పంపించమ్మా, సంతకం పెట్టాలి."

"ఆయన అడ్రసు మీకు దొరికితే చెప్పండి బాబూ. సంతకంతో పాటు నాకూ ఆయనతో రెండు మాటల పనుంది."

అర్జీ అడుక్కి వెళ్లింది. ఆ మూడు నెలలూ అత్తాకోడళ్లు ఇడ్లీ పాత్రలు నెత్తిన పెట్టుకుని బస్టాండుకు నడిచారు. నాలుగు వాయిలు అమ్మే చోట ఒక వాయి అమ్మారు. కామేశ్వరరావు గారు మాత్రం గుమ్మం ముందు స్తంభం సాక్షాత్తూ లక్ష్మీదేవి అని వీధంతా చెప్పసాగారు.

ఇలా ఉండగా మరో ఉపద్రవం వచ్చింది. స్తంభం కనబడితే నిలబడి పని కానిచ్చుకోవాలనుకోవడం పురుషులలో అనాదిగా ఉన్న లక్షణం. వాసన భరించలేక అప్పలనరసమ్మ ఒకనాడు స్తంభానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. మగవాళ్లు ఆగిపోయారు. కానీ ఆడవాళ్లు మొదలయ్యారు. వారం తిరిగేసరికి దండలు, దీపాలు వచ్చాయి. ఆ సంగతి విని శేషగిరి గారు చాలా సంతోషించారు.

"ఇప్పుడది దేవతమ్మా. ముట్టుకుంటే జనం ఊరుకోరు. నా చేతుల్లో లేదు" అని అర్జీ తిరిగి ఇచ్చేశారు.

మాణిక్యం ఇంటికొచ్చి, నీ పసుపు చేసిన పనే ఇదంటూ అర్జీ అత్తగారి ముందు పడేసింది. అప్పలనరసమ్మ మంగళవారం మధ్యాహ్నం చద్దన్నం తిని, స్తంభం నీడన కొంగు పరుచుకుని పడుకుంది. లేచి, దీపాలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లందరి ముందూ చెప్పింది.

"అమ్మోరు కలలోకొచ్చింది. ఆడదాని కూటికి అడ్డంగా నిలబెట్టీసినారు, కాళ్లు పీకేస్తన్నాయంది. సున్నం గుర్తు కాడికి నన్ను పంపించీయండంది."

అందరూ అరుగు వైపు చూశారు. అమ్మవారు లక్ష్మీదేవి అని మూడు నెలలుగా చెబుతున్న కామేశ్వరరావు గారు కాదనలేక పేపరు మడిచారు. మూడు నెలల అర్జీకి కదలని స్తంభం మంగళవారం కలకు గురువారం కదిలింది. శేషగిరి గారు క్రేను ముందు చెప్పులు విడిచి నడిచారు. ఎవరి సంతకమూ అడగలేదు.

ఆటో బయటికి తీస్తూ మాణిక్యం అడిగింది. "నిజంగానే కలొచ్చిందా అత్తా?"

"మూడు నెల్లు నువ్వు నిజమే గదే చెప్పినావు. ఎవులైనా ఇన్నారేటి?" అంది అప్పలనరసమ్మ.

నాటి నుంచి ప్రతి మంగళవారం ఆడవాళ్లు ఆఫీసుల్లో ఆగిపోయిన అర్జీలు తెచ్చి అమ్మవారి ఎదుట పైకి చదువుతారు. మిగిలినవారు చివరిదాకా వినాలి. మధ్యలో "మీవారేరి?" అని అడిగినవారు పదకొండు ఆత్మప్రదక్షిణలు చేయాలి. పురుషులకూ ప్రవేశం ఉంది. వారు కొబ్బరికాయల సంచి పట్టుకుని నిలబడవచ్చు. చదివిన అర్జీల్లో కొన్ని కదిలాయి, కొన్ని కదలలేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకరు విన్నారనే ఫలం మాత్రం అందరికీ అదే రోజు దక్కుతుంది.

దర్శనం ఉదయం నుంచి దీపాల వేళ వరకు ఉంటుంది. ఆటో బయటికి వచ్చేటప్పుడు భక్తులు గేటు ముందు నిలబడరాదు. అమ్మవారే తప్పుకున్నారు.