ఐదో మనిషి

శ్లోకానికి అర్థం అడిగితే సదాశివయ్యగారు కూర్చునే చెప్తారు. బతుకులో ఏం చెయ్యాలని అడిగితే మాత్రం జవాబు రాదు, లేచి చెప్పులు వెతుక్కుంటారు. టెలిఫోన్ ఆఫీసులో రిటైరై, మల్కాజిగిరిలో ఒక డాబా మీద సాయంత్రాలు గీత చెప్పుకుంటున్న మనిషి. వినడానికి వచ్చేది పట్టుమని పదిమంది. వాళ్లందరిలోకీ బుద్ధిమంతుడు కోదండపాణి, మందుల షాపులో పనిచేస్తాడు. అతనే ఓ సాయంత్రం పాఠం మధ్యలో చెయ్యెత్తి, "గురువుగారూ, ఇల్లు దొరకడం కోసం అబద్ధమాడితే పాపమా?" అని అడిగాడు.

మిగతావాళ్లు నవ్వారు గానీ అతనికి అది నవ్వులాట కాదు. ఉంటున్న ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతామని ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. పదిరోజుల్లో ఆషాఢం. ఆషాఢంలో కొత్తింట్లో అడుగుపెట్టేది లేదని భార్య శ్యామల తేల్చి చెప్పేసింది. చెప్పులరిగేలా తిరిగి పదకొండు ఇళ్లు చూశాడు. ప్రతిచోటా "ఎంతమంది?" అని వాళ్లు అడగడం, "నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, మా అమ్మా" అని ఇతను నిజాయితీగా ఒప్పజెప్పడం, వాళ్లు నీళ్ల ట్యాంకరు ధర చెప్పి తలుపేసుకోవడం. నలుగురమంటే పన్నెండో ఇల్లు ఖాయమయ్యేలా ఉంది.

సదాశివయ్యగారు చెప్పులు దొరకబుచ్చుకుని, "చూద్దాం పద" అన్నారు.

ఆ ఇల్లు మౌలాలిలో ఉంది. మూడంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు. ఓనరు ఈశ్వరమ్మ. గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టడం ఆవిడ కాలక్షేపం. ఏం పని చేస్తారు, ఏం తింటారు, గోడలకు మేకులు కొడతారా, చుట్టాలొస్తే ఎన్నిరోజులుంటారు, ఇలా ఓ అరగంట పరీక్ష పెట్టి, చివరికి, "ఎంతమంది ఉంటరు?" అంది.

కోదండపాణి గురువుగారి వంక చూశాడు. ఆయన తలెత్తి నీళ్ల ట్యాంకు వంక చూస్తున్నారు.

"నలుగురమండీ" అన్నాడు. నెలకు పధ్నాలుగు వేలకు ఇల్లు కుదిరిపోయింది.

తిరిగొస్తూ దారిలో తన ఏర్పాటంతా గురువుగారికి వివరించాడు. అమ్మ నెల్లాళ్లు ఉప్పల్లో శ్యామల చెల్లెలి ఇంట్లో ఉంటుంది. తర్వాత చుట్టపుచూపుగా వస్తుంది. ఆ తర్వాత వెళ్లడం మరిచిపోతుంది. "అమ్మ కూడా సరేనంది" అన్నాడు. గురువుగారు ఊ కొట్టారు.

ఆషాఢానికి నాలుగు రోజుల ముందు, మంచిరోజు చూసుకుని పాలు పొంగించడానికి వెళ్లారు. గురువుగారు కూడా వచ్చారు. శ్యామల పొయ్యి మీద గిన్నె పెట్టబోతుంటే ఈశ్వరమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"పెద్దోళ్లు లేకుండ పాలు పొంగిస్తరా? నా ఇంట్ల గట్ల నడవది. ఎవరన్న పెద్దామె చెయ్యి పడాలె. మా మామ పోయినంక కూడ మా అత్తనే ఈ ఇంట్ల మొదటి పాలు పొంగిచ్చింది. ముప్ఫయ్యేండ్లల్ల ఒక్క ఫ్లాటు ఒక్క నెల ఖాళీ లేదు."

శ్యామల తెల్లమొహం వేసింది. సదాశివయ్యగారు నెమ్మదిగా, "ఉప్పల్లో మాణిక్యాంబగారని ఒకావిడ ఉన్నారు. చల్లని చెయ్యి. పిలిస్తే వస్తారు" అన్నారు. మాణిక్యాంబ కోదండపాణి తల్లి.

ముప్పావుగంటలో ఆవిడ చిన్న సంచీతో ఆటో దిగి పైకొచ్చింది. ఏడేళ్ల మనవరాలు "నాయ..." అనబోతే శ్యామల దాని నోట్లో లడ్డూ కుక్కేసింది. ఈశ్వరమ్మ వచ్చినావిణ్ణి ఎగాదిగా చూసి కోదండపాణిని అడిగింది. "ఈమె మీకేమైతది?"

చెప్పేస్తే పోయేది. కానీ కింద వ్యాన్లోంచి బీరువా దిగుతోంది, తిరిగిన పదకొండు గుమ్మాలూ గుర్తొచ్చాయి. "తెలిసినావిడండీ. మా పాత వీధిలో ఉండేవారు" అన్నాడు.

మాణిక్యాంబ కొంగు దోపుకుని పొయ్యి ముందు నిలబడింది. పాలు తూర్పుకే పొంగాయని ఈశ్వరమ్మ మురిసిపోయింది. ఆ పాలతోనే మాణిక్యాంబ పరమాన్నం వండితే మూడుసార్లు వేయించుకుని, తన మోకాళ్ల నొప్పుల కథంతా ఆవిడకే చెప్పుకుంది. అంతా అయ్యాక మాణిక్యాంబ గిన్నెలు కడిగి బోర్లించి, సంచీ అందుకుని, గుమ్మం దగ్గర కొడుకు ముందు ఆగింది.

"వెళ్లొస్తానండీ. మీరూ పిల్లలూ ఈ ఇంట్లో చల్లగా ఉండాలి" అంది.

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అమ్మ నోట 'ఒరేయ్' తప్ప ఎరగడు కోదండపాణి. వెటకారంగా అన్నా కాస్త బాగుండేది. ఆవిడ నిజంగా పాత వీధి మనిషిలాగే మర్యాదగా అంది. అతనికి ఏడుపొచ్చింది. మెట్లు దిగిపోతున్న ఆవిణ్ణి మూడంతస్తులకూ వినబడేలా "అమ్మా, ఆగవే" అని పిలిచి, ఈశ్వరమ్మ వైపు తిరిగాడు.

"మా అమ్మండీ. నాతోనే ఉంటుంది. మేం ఐదుగురం. వద్దంటే చెప్పండి, సామాను మళ్లీ ఎక్కించుకుంటాం."

ఈశ్వరమ్మ తాపీగా మూతి తుడుచుకుంది. "ఇద్దరి ముక్కులు జూస్తె తెల్వదా నాకు? నలుగురి మీద ఎంతమందున్నా మనిషికి నెలకు మూడొందలు, నీళ్ల పైసలు. కింద ఫ్లాటోళ్లు ఏడుగురున్నరు. ముందే చెప్తె అయిపోవు గద."

మూడొందలు. దానికోసం పిల్లల్ని ఐదురోజులు కూర్చోబెట్టి అబద్ధం బట్టీ పట్టించాడు. నవ్వాలో తల బాదుకోవాలో తెలియక, చివరికి నవ్వే వచ్చి, గురువుగారి దగ్గరికొచ్చి, "మూడొందలతో పోయింది గురువుగారూ" అన్నాడు.

సదాశివయ్యగారు మెట్ల వైపు చూశారు. మాణిక్యాంబ సంచీ ఒళ్లో పెట్టుకుని, పైకీ రాకుండా కిందికీ పోకుండా, మధ్య మెట్టు మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"అది ఓనరుగారి రేటు నాయనా" అన్నారు. "ఆవిడ ఎంత అడుగుతారో కనుక్కుని రా."