పక్కవాడి పార

గోరువంక సంస్థానాన్ని ఏలే కంపరాయుడికి తొలకరి వానంటే మహా ఇష్టం. ఆ ఏడు కోట బురుజెక్కి వాన చూస్తుంటే, కింద వంకలో నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతూ పొలిమేర దాటి పోతున్నాయి. అదేమిటని అడిగాడు. అది కొండవాలు చేలలోని మట్టి అనీ, ఏటా ఇలాగే పొరుగు రాజ్యానికి కొట్టుకుపోతుందనీ గొడుగు పట్టే పుల్లన్న ఉన్నమాట చెప్పాడు.

"నా మట్టి, నా అనుమతి లేకుండా, పొరుగు రాజ్యానికా?" రాజు మీసం అదిరింది. "పట్టుకోండి దాన్ని."

ఇలాంటి ఆజ్ఞ చెవిన పడితే తెలివైనవాడు తల దించుకుంటాడు. దండనాయకుడు రణమల్లుడు మాత్రం తల ఎత్తాడు.

మర్నాడు మూడు వందలమంది భటులు ఈటెలు పట్టుకుని వంకకు అడ్డంగా నిలబడ్డారు. నీళ్లు వాళ్ల కాళ్ల సందుల్లోంచి దర్జాగా వెళ్లిపోయాయి. అయినా రణమల్లుడు వెనక్కి తగ్గలేదు. పారిపోయే నీళ్లను కుండలతో పట్టించి చెరసాలలో పోయించాడు. మూడోరోజుకి అక్కడ నడుంలోతు నీళ్లయ్యాయి. ఈత రాని దొంగలు మొరపెట్టుకుంటే వాళ్లను ఇళ్లకు పంపేయాల్సి వచ్చింది.

అప్పటికి దండనాయకుడికి జ్ఞానోదయమైంది. తప్పు నీళ్లది కాదు, రైతులది. నెల తిరిగేలోగా ప్రతి చేనికీ మోకాలెత్తు గట్టు లేకపోతే ముందు కొరడా దెబ్బలు, ఆపైన చేను జప్తు అని దండోరా వేయిస్తానన్నాడు. రాజు సరేనన్నాడు.

పక్కనే గొడుగు పట్టుకుని పుల్లన్న ఇదంతా విన్నాడు. అతని అక్క లచ్చుమమ్మను ఇచ్చింది ఆ వాలు మీది ఊరికే. ఆమెకూ, ఆమె మొగుడు ఓబులేసుకూ ఉన్నది ఒక్క చేను.

ఆ ఊళ్లో గట్లు ఎందుకు నిలవవో పుల్లన్నకు తెలుసు. అక్కడ రైతు పార పట్టుకుని చేలోకి దిగితే చేసే మొదటి పని, పక్కవాడు చూడకుండా ఉమ్మడి గట్టును తనవైపు బెత్తెడు చెక్కి చేలో కలుపుకోవడం. పక్కవాడు మాత్రం తక్కువ తిన్నాడా? వాడు అటువైపు చెక్కుతాడు. తాతలనాడు బండి నడిచిన గట్టు మీద ఇప్పుడు ఎండ్రకాయ కూడా ఆలోచించి అడుగేస్తుంది. కొరడా చూసి గట్టు వేసినా, కొరడా అటు తిరగ్గానే మళ్లీ చెక్కుతారు.

"ప్రభూ, ఆ నెల నాకివ్వండి," అన్నాడు పుల్లన్న. "కొరడా వద్దు, దండోరా వద్దు. రైతులే గట్లు వేసుకుంటారు."

వేసుకోకపోతేనో అని రణమల్లుడు పకపకా నవ్వాడు. రాజుకు పందెమంటే పిచ్చి. ఓడితే చేలన్నీ జప్తు, పైగా పుల్లన్న బతికినన్నాళ్లూ రణమల్లుడికే గొడుగు పట్టాలి, అదీ ఎండా వానా లేనప్పుడు, అని తేల్చేశాడు.

పుల్లన్న తిన్నగా అక్కగారింటికి వెళ్లాడు. ఓబులేసుకూ, పై చేను గంగిరెడ్డికీ పదకొండేళ్లుగా మాటల్లేవు.

"బావా, గంగిరెడ్డి పార నీ ఇంట్లో దాస్తావా?"

ఓబులేసు కళ్లు మెరిశాయి. "వాని పారనా? తలుపేసి తాళం ఏసుకోవచ్చునా?"

"నీ ఇష్టం. వాడికి పార కావాలంటే నీ గడప ముందర నిలబడి అడగాల."

"ఇంకేం గావాల నాకు."

నీ పార కూడా వాడింట్లో ఉంటుంది మరి, అంటే ఓబులేసు ఒక్క క్షణం ముఖం ముడిచాడు గానీ, గంగిరెడ్డి చెక్కుడు ఆగుతుందంటే పారతోబాటు గడ్డపార కూడా ఇస్తానన్నాడు. గంగిరెడ్డి దగ్గరికెళితే అతనూ అచ్చం అదే మాటన్నాడు. పొద్దు వాలేసరికి నలభై గడపల ఆ ఊళ్లో ఎవరి పారా వాళ్లింట్లో లేదు. ఊరంతా ఇంత సంతోషంగా ఏ పండక్కీ లేదు.

మర్నాడు గంగిరెడ్డి పార కోసం వచ్చాడు. ఓబులేసు ఇచ్చాడు. ఇచ్చి ఊరుకుంటాడా, తన పార తాను విడిపించుకుని వెంటబడ్డాడు. ఇద్దరూ గట్టుకు చెరోవైపు నిలబడ్డారు. ఒకడు పార ఎత్తితే రెండోవాడు కళ్లు ఇంతలేసి చేసుకుని చూస్తాడు. ఇక చెక్కడం కుదరదు. ఊరికే నిలబడితే నడుం లాగుతుంది. అవతలివాడు అభ్యంతరం చెప్పలేని పని ఒక్కటే మిగిలింది, గట్టు మీద మట్టి వేయడం.

గంగిరెడ్డి ఒక పార వేశాడు. తానేం తక్కువని ఓబులేసు రెండు వేశాడు.

వారం తిరిగేసరికి గట్టు నడుమెత్తు లేచింది. ఇంత గట్టు ఖాళీగా ఎందుకని ఇద్దరూ కలిసి దాని మీద కంది విత్తారు. లచ్చుమమ్మ ఒకరికి తెచ్చే సంగటి ఇద్దరికి తేవాల్సి వచ్చింది, అయినా ఆమె ముఖంలో ఎన్నడూ లేని వెలుగు. వాలంతా ఇదే వరస. మధ్యలో కురిసిన వాన చేలోనే ఆగి చేలోనే ఇంకింది.

నెలాఖరున కుండపోతగా వాన పడింది. రాజు పరివారంతో వంక ఒడ్డుకు వచ్చాడు, ఊరూ వచ్చింది. నీళ్లు నింపాదిగా, తేటగా వస్తున్నాయి. అందులో తన మీసం కనబడేసరికి రాజు మురిసిపోయి, చాలాసేపు దాన్నే చూశాడు.

రణమల్లుడు ముందుకొచ్చాడు. ఇదంతా తన కొరడా మీది భయమేననీ, ఆ భయం చల్లారకుండా ఏటా ఊరికి పదిమందిని ముందే కొట్టి ఉంచుదామనీ మనవి చేశాడు. ఓబులేసు మెల్లగా గంగిరెడ్డి వెనక్కి జరిగాడు.

రాజు పుల్లన్న వైపు తిరిగాడు. "నువ్వేం చేశావు?"

"నీ పార ఇమ్మని ఎవరినీ అడగలేదు ప్రభూ. పక్కవాడి పార దాస్తావా అని అడిగాను."

కథంతా విన్నాక రాజుకు నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ, చేలు ఎవరివి వాళ్లకేనన్నాడు. తన చేతి బంగారు కడియం తీసి పుల్లన్న చేతికి తొడిగాడు. ఆపైన రణమల్లుణ్ని ఎగాదిగా చూశాడు.

"ఆ కొరడా చేతిలో ఉన్నంతకాలం ఇతను కుదురుగా ఉండడు. దాన్నేం చేద్దాం పుల్లన్నా?"

"మా అక్క ఇంట్లో పెట్టించండి ప్రభూ. కావాలంటే వచ్చి గడప ముందర నిలబడి అడుగుతారు."

రాజే కొరడా తీసుకుని లచ్చుమమ్మకు అందించాడు. ఆమె దాన్ని చంకన పెట్టుకుని దండనాయకుడి వైపు చూసింది.

"పొద్దున పూట రాబాకండి సామీ. చేనికి పోయుంటాము."

ఆ మాటకు ముందు నవ్వింది రణమల్లుడి భటులే.