గంగులు తెగిన చెవి

గొర్రెల మందకు ఒక ఊరంటూ ఉండదు. కోతలైపోయిన చేలల్లో ఎరువు కోసం రైతులు మంద కట్టించుకుంటారు కదా, ఇక్కడ నాలుగు రోజులు, అక్కడ వారం, అలా కొండవారగా తిరుగుతూనే ఉంటుంది. పొద్దున్నే పెద్ద గొర్రెలన్నీ కాపరుల వెంట మేతకు పోతాయి. పాలు తాగే పిల్లల్ని అంత దూరం నడిపించలేరు కాబట్టి ముళ్లకంపతో గుండ్రంగా దడి కట్టి అందులో వదిలిపోతారు. దడికి ఒకటే వాకిలి. దానికి తలుపుండదు. అక్కడ కూర్చున్న కుక్కే తలుపు. సాయంత్రం తల్లులు తిరిగొచ్చేదాకా ఆ కుక్క లేవకూడదు. ఉద్యోగమంటే అంతే. వినడానికి ఏముంది, చాలా తేలిక. ఎర్రటి ఎండలో ఒక్క పూట కూర్చుని చూస్తే తెలుస్తుంది.

ఆ మందలో కుర్రకుక్కలకు ఈ పని నేర్పేవాడు గంగులు. ముసలి మగకుక్క. ఎడమ చెవి సగం లేదు. నేర్పడమంటే అరవడం, కరవడం కాదు ఆయన పద్ధతి. మధ్యాహ్నం తుమ్మచెట్ల నీడన మంద పడుకున్నప్పుడు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెప్పేవాడు. ఒక్కో కథలో ఒక్కో పని దాచేవాడు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకోని కుక్క కథ, పొగడ్తకు పడిపోయి వేటగాడి వెంట పోయిన కుక్క కథ, గొర్రెపిల్ల మీద కసురుకుని మందకే పరాయిదైపోయిన కుక్క కథ. విన్నంతసేపూ పిల్లలు నవ్వేవి. పని దగ్గరికొచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే గాలి చూసుకునేవి.

ఆ పిల్లల్లో ఆయనకు ప్రాణం చుక్కి. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఆడపిల్ల. అప్పటికి తొమ్మిది నెలలుంటాయేమో, ఒంటికంటే కాళ్లే ముందు పెరిగిన వయసు. ఒకసారి కాపరి మూటలోంచి జొన్నరొట్టె ఎత్తుకుపోయింది. గంగులు ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం దొంగ చేతికి తాళాలిచ్చిన ఊరి కథ చెప్పి ఊరుకున్నాడు. కథ అయ్యాక చుక్కి లేచి పోయి, మిగిలిన సగం రొట్టె తెచ్చి మూట పక్కన పెట్టింది. ఆ రోజు గంగులు అనుకున్నాడు, నా తరవాత ఈ వాకిలి దీనిదే అని.

ఇక్కడ ఆ కుక్కల ఆచారం ఒకటి చెప్పాలి. ఏ కుక్కకైనా మొదటిసారి ఒంటరిగా వాకిలి అప్పజెప్పే ముందురోజు, నేర్పినవాళ్లు తమ ఓడిన కథ చెప్పాలి. ఎక్కడ తప్పు చేశారో, ఆ తప్పుకు ఎవరు పోయారో, ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పనిదే వాకిలి ఇవ్వకూడదు. గంగులుకు పని నేర్పిన ముసలి ఆడకుక్క బూదవ్వ అలాగే చెప్పింది. వయసులో ఉన్నప్పుడు సద్దిసంగటి మెక్కి వాకిట్లో కునుకు తీశాననీ, లేచేసరికి ఒక గొర్రెపిల్ల లేదనీ, ఆ తల్లి అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉందనీ ఏడుస్తూ చెప్పింది. అది విన్న గంగులు జన్మలో కాపు మీద కన్ను మూయలేదు.

ఇంతవరకూ తను నేర్పిన ఏ పిల్లకూ వాకిలి ఒంటరిగా అప్పజెప్పలేదు కాబట్టి, తన ఓడిన కథ మాత్రం గంగులుకు ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. చుక్కే మొదటిది.

ఆ సాయంత్రం ఇద్దరూ దడి బయట కూర్చున్నారు. కాస్త ఎడంగా సింగారమ్మ అనే ముసలి మేక నెమరేస్తోంది. గంగులు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. అప్పుడు తనకు చుక్కి వయసేననీ, మంచి ఎండలో వాకిట్లో కూర్చున్నాననీ, ఎదురుగా ఒక నక్క వచ్చిందనీ చెప్పాడు.

చుక్కి కళ్లు మెరిశాయి. "చీల్చేశావు కదూ తాతా?" అంది.

గంగులు ఆ కళ్లలోకి చూశాడు. తొమ్మిది నెలలుగా ఆ కళ్లలో తను ఒక వీరుడు. ఇప్పుడు ఉన్నమాట చెప్తే ఆ వీరుడు పోతాడు. "నక్క కాదులే, తోడేలు," అన్నాడు. ఒక్కసారి నాలుక అటు తిరిగాక ఇక ఆగలేదు. తోడేలుతో ఎలా కలబడ్డాడో, అది చెవి ఎలా కొరికిందో, చెవి వదులుకున్నా గొర్రెపిల్లను ఎలా వదల్లేదో, పూసగుచ్చినట్టు చెప్పాడు. చుక్కి ఊపిరి బిగబట్టి వింది. తనకూ అలాంటి గుర్తు ఒకటి కావాలంది. తోక ఊపుకుంటూ నిద్రకు పోయింది.

అది అటు పోగానే మేక నెమరాపింది.

"ఓడిన కథ చెప్పమంటే గెలిచిన కథ చెప్పావేమయ్యా?"

"రేపు చెప్తాలే అక్కా. వాకిలి కాచి వచ్చాక ఇద్దరం నవ్వుకుంటూ చెప్పుకుంటాం."

"వాకిలి కాచి వచ్చినదానికి ఆ కథ దేనికి? నీ చెవి తెగిన రోజు నేను ఆ దడిలో ఉన్నాను గంగులూ. నాకు చెప్పకు."

గంగులు కోపం వచ్చినట్టు ముఖం పెట్టాడు. కోపం కాదది, సిగ్గు. ముసలితనంలో సిగ్గు ఎక్కువవుతుంది, ఏం చేస్తాం.

మర్నాడు చుక్కి వాకిట్లో కూర్చుంది. ఆచారం ప్రకారం నేర్పినవాడు దగ్గరుండకూడదు కాబట్టి గంగులు మంద వెంట వాగు వైపు పోయాడు. పోతూ పోతూ నాలుగుసార్లు వెనక్కి చూశాడు. వెనక్కి పరిగెత్తి ఆ నాలుగు మాటలు చెప్పి వద్దామనిపించింది. పొద్దెక్కుతోంది, మంద కదులుతోంది, సాయంత్రం చెప్దాంలే అనుకున్నాడు.

ఆ తరవాత జరిగింది గొర్రెపిల్లలు చెప్పగా తెలిసింది.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఒక నక్క కుంటుకుంటూ వాకిలి ముందు నుంచి పోయింది. ముందు కాలు విరిగిందట. పాపం, అడుగు పడటం లేదు. చుక్కి చెవులు నిక్కించింది గాని కదల్లేదు. గాలి చూసుకుంది. నేర్పినవన్నీ గుర్తున్నాయి దానికి. నక్క ఆగి, భయపడకు తల్లీ, నేనే పోతున్నానంది. చుక్కి కదల్లేదు. మీ గంగులు తాతయితే ఈపాటికి నా తోలు ఒలిచి ఉండేవాడు అంది నక్క. చుక్కి కాళ్లు ముందుకు లాగాయి, అయినా కూర్చునే ఉంది. అప్పుడు నక్క వెళ్లబోతున్నట్టు వెళ్లి, వెనక్కి తిరిగి నిదానంగా అంది:

"వీరుల కడుపున కూర్చునేవాళ్లు పుట్టారు. కాలం అలా ఉంది."

చుక్కి లేచింది. ఎంత దూరమని, పది గంతులు. కుంటినక్క. పట్టి తెస్తే తాత చూస్తాడు. నక్క కుంటుతూనే పది గంతులు పోయింది, ఇరవై పోయింది, వంక గట్టు దాటింది. గట్టు దాటాక నాలుగు కాళ్లూ నేలకు ఆనించి గాలిలా పరిగెత్తింది.

వెనక దడిలో గొర్రెపిల్లలు అరిచాయి.

చుక్కికి అప్పుడు అర్థమైంది. తిరిగొచ్చేసరికి వాకిట్లో రెండు తోడేళ్లు. అప్పటికే ఒక్కోటీ ఒక్కో పిల్లను పట్టాయి. తొమ్మిది నెలల పిల్ల ఏం చేయగలదు, తోడేళ్ల మధ్యలోకి దూరింది. వాకిలికి అడ్డం నిలబడి, ఇంకొక్కదాన్నీ ముట్టనివ్వలేదు.

గొర్రెపిల్లల గోల వాగు దాకా వినపడింది. గంగులు ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. వచ్చేసరికి తోడేళ్లు పట్టినవాటితో పోయాయి. మిగిలిన పిల్లలన్నీ దడి మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చుక్కి వాకిలికి అడ్డంగా పడుకుని ఉంది. మెడ కింద నేలంతా తడిసింది.

"తాతా," అంది. "కుంటుతూ వచ్చింది తాతా. నిజంగా కుంటిదే అనుకున్నాను. రెండు పిల్లల్ని పోగొట్టాను."

గంగులు దాని ముఖం నాకుతూ కూర్చున్నాడు. దాచుకున్నదంతా ఒక్కసారే బయటపడింది.

"నా దగ్గరికీ వచ్చింది చుక్కీ. ఇలాగే కుంటుతూ వచ్చింది. నేనూ లేచి వెంటపడ్డాను. తోడేళ్లు మూడు పిల్లల్ని పట్టుకుపోయాయి. బూదవ్వ పరిగెత్తుకొచ్చి అడ్డం పడి మిగతావాటిని కాపాడింది, ఒక కన్ను పోగొట్టుకుంది. ఈ చెవిని ఏ తోడేలూ కొరకలేదమ్మా. తిరిగొచ్చేటప్పుడు దారి కానక దడి మీద పడ్డాను. కంపకు పట్టుకుని తెగింది."

చుక్కి చాలాసేపు ఆయన్ని చూసింది. ఆ కళ్లలోంచి వీరుడు పోతాడేమోనని గంగులు అప్పుడు కూడా భయపడ్డాడు. చుక్కి ముఖం మాత్రం తేలికపడింది.

"అయితే నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని కాదన్నమాట," అంది.

ఇంకేమీ అడగలేదు. ముందే ఎందుకు చెప్పలేదని కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని గంగులు ఆ తరవాత బతికినన్నాళ్లూ అనుకున్నాడు. పొద్దు వాలకముందే చుక్కి పోయింది.

సాయంత్రం తల్లులు వచ్చాయి. రెండు గొర్రెలు దడి చుట్టూ తిరుగుతూ అరిచాయి. మిగతావి చుక్కి పక్కన నిలబడి, పాపం చిన్నపిల్ల, దానికేం తెలుసు అన్నాయి. ఆ మాటకు గంగులు తల వాల్చేశాడు. దానికి తెలియదు, నిజమే. తెలిసినవాడు ఎవరో కూడా ఆయనకు తెలుసు. సింగారమ్మ వచ్చి ఆయన పక్కన పడుకుంది. తిట్టి ఉంటే కాస్త ఊరటగా ఉండేది.

మూడోరోజు పొద్దున్నే గంగులు ఒంటరిగా వంక గట్టు దాకా పోయాడు. అవతల బండ మీద నక్క కూర్చుని ఉంది. ముసలాడు తనను పట్టలేడని దానికి తెలుసు, లేవను కూడా లేదు.

"ఈ జిత్తు నీకెవరు నేర్పారు?" అని అడిగాడు గంగులు.

"మా నాయన. నీ మీద వేసింది ఆయనే కదా."

"గెలిచిన కథ, చెప్పుకుంటాడులే."

నక్క తల అడ్డంగా ఊపింది. "గెలిచిందొక్కటే చెప్పలేదు ముసలాయనా. అంతకుముందు ఏ కుక్క దగ్గర దొరికిపోయాడో చెప్పాడు, ఏ కాలు కుంటితే నమ్మలేదో చెప్పాడు, తన్నులు తిన్న చోట్లన్నీ నడిపించి చూపించాడు. తోడేళ్లు మాకు వాటా వదిలేదీ, మా కడుపు నిండేదీ ఆ కథల వల్లే." వెక్కిరింత ఏమీ లేకుండానే అడిగింది. "ఆ పిల్ల లేచి వస్తుందని నేననుకోలేదు. నీ వాకిట్లో కూర్చున్నది కదా, మా కథ నువ్వు చెప్పే ఉంటావనుకున్నాను. చెప్పలేదా?"

గంగులు వెనక్కి తిరిగి వచ్చేశాడు. అడవిలో అందరూ మోసగాడనే నక్క తన పిల్లలకు ఏదీ దాచలేదు. అందరూ నమ్మకస్తుడనే తాను దాచాడు. నడుస్తున్నంతసేపూ అదే మాట కాళ్లకు అడ్డం పడింది.

వానలు వెలిశాక మందలోకి కొత్త కుక్కపిల్లలు నాలుగు వచ్చాయి. మొదటిరోజు మధ్యాహ్నమే గంగులు వాటిని తుమ్మచెట్టు నీడన కూర్చోబెట్టాడు. వాకిలి అప్పజెప్పడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆయన ఆగలేదు. సింగారమ్మ నెమరాపి చెవులు ఇటు పెట్టింది.

"ముందు ఈ చెవి చూడండి," అన్నాడు. "దీన్ని తోడేలు కొరకలేదు. కంపకు తెగింది."

పిల్లల్లో ఒకటి మొహం చిన్నబుచ్చుకుంది. "అంటే నువ్వు ఓడిపోయావా తాతా?"

"ఓడిపోయాను నాన్నా," అన్నాడు గంగులు. "రెండుసార్లు. మొదటిసారి నక్కకు నాలుగు కాళ్లున్నాయని తెలియక. రెండోసారి సంగతి చుక్కి అనే ఒక పిల్ల కథ. అది కూడా ఈ రోజే చెప్తాను, దగ్గరికి జరగండి."

ఇందులో నీతి: ఎదిగే పిల్లల ముందు పెద్దరికం నిలుపుకోవాలని దాచిన తప్పు, తిరిగి ఆ పిల్లల చేతే జరుగుతుంది.