ముల్లు కొలతకు కట్టిన ఇల్లు

ఎర్రగుట్ట కింద, వేరుశనగ చేలకీ రాళ్ళ దిబ్బలకీ నడుమ, మంగతాయి అనే కుందేలు ఉండేది. ఆమె అనుమానం సంగతి గుట్టంతటికీ తెలుసు. గడ్డి కదిలితే ఎందుకు కదిలిందంటుంది, కదలకపోతే ఎందుకు కదల్లేదంటుంది. ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేను మాత్రం నవ్వను. కిందటేడు ఆమె రేగుపొద కింద మూడు పిల్లల్ని కన్నది. రెండింటిని తొలకరి వాన తీసుకుపోయింది. మూడోది ఏమైందో ఇప్పటికీ తెలియదు. పొద పక్కన తడిమట్టిలో నాలుగు పాదాల గుర్తులు మాత్రం మిగిలాయి, ఒకదానికి ఒక వేలు లేదు. అలాంటి తల్లి అనుమానించక ఏం చేస్తుంది?

ఈ ఏడు మళ్ళీ కడుపుతో ఉంది. పొదలూ గిదలూ వద్దు, తన మనసుకు నచ్చినట్టు ఒక ఇల్లు కట్టించుకోవాలనుకుంది. ఆ చుట్టుపక్కల ఇళ్ళు తవ్వడంలో పేరున్నవాడు ఒక్కడే, ముళ్ళపంది పిచ్చయ్య మేస్త్రి. మంగతాయి అతణ్ణి పిలిచి, మూడు బారల దూరంలో నిలబెట్టి మాట్లాడింది.

"పిల్లలు పడుకోవడానికి ఎత్తుగా ఒక అర కావాలి మేస్త్రీ. గుమ్మం నా ఒంటికి సరిపోవాలి, నాకంటే పెద్దోళ్ళు దూరకూడదు. లోపలికి పోయే దారికి ఒక వంపుండాలి. వెనక ఇంకో గుమ్మం. ఎన్నాళ్ళు పడుద్ది?"

"నలభై రోజులు తల్లీ. ఆపైన ఒక వాన."

"నలభయ్యా? పందికొక్కు రెండు పూటల్లో తవ్వుకుంటుందే."

"పందికొక్కు తన కోసం తవ్వుకుంటుంది. నేను నీ కోసం తవ్వాల. నీళ్ళు ఎటు పోతాయో చూడాల, తవ్వాల, గోడలు తడిపి ఆరబెట్టాల. తర్వాత ఒక వాన పడాల. వానకు గోడ నిలిస్తేనే ఇల్లు అప్పగిస్తాం. మా తాతల కాడినుంచీ అదే పద్ధతి."

"వాన ఎప్పుడు పడుద్దంట?"

"అది తెలిస్తే నేను మేస్త్రి పని ఎందుకు చేస్తా తల్లీ?"

మంగతాయి చెవులు నిక్కబొడుచుకున్నాయి. పని జరిగినన్నాళ్ళూ మేస్త్రికి రోజుకో చిలగడదుంప పెట్టాలి. పని సాగితే దుంపలు సాగుతాయి. ఆ లెక్క అప్పుడే ఆమె మనసులో పడింది.

పిచ్చయ్య తన ఒంటి మీంచి ఒక ముల్లు పీకి, ఆమె ఒప్పుకున్నాక దగ్గరికొచ్చి, ఆమె భుజాల మీద అడ్డంగా పెట్టి చూశాడు. ముల్లులో సరిగ్గా సగం. అక్కడ పంటితో గాటు పెట్టి ముల్లు ఆమె చేతికే ఇచ్చాడు.

"ఇదేంది?"

"కొలతముల్లు. పని పూర్తయ్యేదాకా ఇంటివాళ్ళ దగ్గరే ఉండాల. నేను తవ్వింది తప్పో ఒప్పో నువ్వే చూసుకోవచ్చు."

ముల్లు ఇచ్చినవాణ్ణి కూడా మంగతాయి అనుమానంగానే చూసింది. కానీ ముల్లును జాగ్రత్తగా దాచుకుంది.

మొదటి ఎనిమిది రోజులు పిచ్చయ్య ఒక్క గుప్పెడు మట్టి కూడా తియ్యలేదు. పగిలిన కుండ పెంకుతో వాలు మీద నీళ్ళు పొయ్యడం, అవి ఎటు పోతున్నాయో చూడటం, దుంప తినడం, మళ్ళీ పొయ్యడం. మంగతాయికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట వాసన పట్టినట్టు, ఎనిమిదో రోజు సాయంత్రం చేను చుట్టూ వేసిన ముళ్ళకంప అవతలికి గుంటనక్క ఓబులు వచ్చాడు.

"ఆగు. అక్కడే ఉండి మాట్లాడు," అంది మంగతాయి.

"ఆగాను చెల్లెమ్మా. నేను నక్కని. నన్ను నమ్మొద్దని మా అమ్మే అందరికీ చెప్పేది."

మంగతాయికి నవ్వు రాబోయి ఆగిపోయింది. "ఏం కావాలి నీకు?"

"నాకేం వద్దు. దారిన పోతా చూశాను, మేస్త్రి నేలకు నీళ్ళు పోస్తన్నాడు. నీళ్ళు పోస్తే ఇల్లు మొలుస్తుందా అని సందేహం వచ్చింది. నా సందేహం నా దగ్గరే ఉండనీలే. వస్తా."

నన్ను నమ్ము అని ఉంటే మంగతాయి ఛస్తే నమ్మేది కాదు. నమ్మొద్దు అన్నాడు. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదే.

మర్నాడు మేస్త్రి తవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకు ఓబులు మళ్ళీ కంప అవతల కనిపించాడు. ఈసారి మంగతాయే పలకరించింది.

"గుమ్మం లేచింది, నా కొలతముల్లులో సగం వెడల్పు. చూశావా?"

"చూశాను చెల్లెమ్మా. సగం ముల్లే పెట్టినట్టున్నాడు. రేపు పిల్లని నోట కరుచుకుని దూరితే గోడకు రాసుకుపోదూ? ఇంకో పావు ముల్లు పెంచితే వాడి సొమ్మేం పోతుంది? పని తగ్గించుకునే ఎత్తు కాకపోతే."

మంగతాయి వెళ్ళి, ఇంకో పావు ముల్లు పెంచమని మేస్త్రిని నిలదీసింది. పిచ్చయ్య, "ఇల్లు నీది తల్లీ," అని గుమ్మం పెంచాడు. దానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ దుంపల కోసమేనని మంగతాయి అనుకుంది.

మళ్ళీ ఓబులు వచ్చాడు. "వంపు వెనక ఏం చేస్తన్నాడో నీకు కనబడుతుందా? వంపు ఉండేది తవ్వేవాడు కునుకు తీసుకోడానికే. తిన్నగా తవ్వమను, గుమ్మంలోంచి చూస్తే చివరిదాకా కనబడతాడు." మంగతాయి వెళ్ళి వంపు వద్దంది. తవ్విన వంపు పూడ్చడానికి ఇంకో మూడు రోజులు.

ఇరవయ్యో రోజున ఆమె ఓబులు దగ్గర్నుంచి మూడో కబురు తెచ్చింది. "మేస్త్రీ, వెనక గుమ్మం వద్దు. ముందు గుమ్మం ఉండగా అదెవరికి? నేను లేనప్పుడు నువ్వు దూరడానికా?"

పిచ్చయ్య పని ఆపేశాడు. కోపం వచ్చినట్టు ముళ్ళన్నీ ఒకసారి లేచి, మళ్ళీ పడుకున్నాయి.

"నన్ను దొంగన్నావు. సరే, అదట్టా ఉండనీ. తల్లీ, మొదటి రోజు నువ్వు అడిగిందేంది? ఇరుకు గుమ్మం, వంపు, వెనక దారి. ఇప్పుడు మూడూ పోయినయ్. ఇంకో మాట. గుమ్మం పెంచమన్నదానివి, కొంచెం పెంచు అనలా. పావు ముల్లు అన్నావు. ఇంటివాళ్ళెవరూ అంత కచ్చితంగా అడగరు. కొలుచుకున్నోడే అడుగుతాడు. ముప్పావు ముల్లు నీ భుజాలు కాదు. మరి ఎవరివి?"

"నాకు తెలియదు. నీ మాట నేనెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు. కొలతముల్లు నీ దగ్గరే ఉంది. నీతో మాట్లాడిపోయే ఆ నక్క కంపలో దూరే కంత ఒకటుంది. వెళ్ళి నువ్వే కొలుచుకో."

మంగతాయి వెళ్ళింది. కంత అంచున ముళ్ళకు ఎర్రటి బొచ్చు పట్టుకుని ఉంది. ముల్లు అడ్డంగా పెట్టింది. సరిగ్గా ముప్పావు. ముల్లు చేతిలోంచి జారిపడింది. తీసుకోవడానికి వంగింది. కంత కింద, చేనికి పారే మడవ నీళ్ళు ఊరిన తడిమట్టిలో నాలుగు పాదాల గుర్తులున్నాయి, ఒకదానికి ఒక వేలు లేదు.

ఆ గుర్తులు ఆమె మరిచిపోతే కదా. మూడో పిల్ల ఏమైందో ఆ క్షణాన తెలిసింది. మట్టి దులిపి ముల్లు తీసుకుంది. ఏడాదంతా గడ్డినీ గాలినీ అనుమానించి, చివరికి వీడి చేతికే తన ఇంటి కొలతలు ఇచ్చింది. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

తిరిగొచ్చి మేస్త్రి ముందు తల వంచుకుంది. "నేనంటే నాకే సిగ్గుగా ఉంది పిచ్చయ్యా. ఇప్పుడేం చెయ్యాలి? గుమ్మం పూడ్చేద్దామా?"

"పూడిస్తే వాడికి తెలిసిపోతుంది. ఇంకో ఎత్తుతో వస్తాడు. బయటికి అంతా వాడు చెప్పినట్టే ఉండనీ. లోపల మాత్రం నీ కొలతే. దారి తిన్నగానే ఉంటుంది, కాకపోతే పోను పోను సన్నబడుతుంది. వెనక గుమ్మం రాళ్ళ చాటున తీస్తా. ఇరవై రోజులు గోడలు తడుపుతా, ఆరబెడతా. అంతవరకూ నువ్వు నన్ను తిడతానే ఉండు, వాడికి వినబడేట్టు."

తిట్టడం మంగతాయికి ఒకరు నేర్పాలా? రోజూ పొద్దున్నే మొదలుపెట్టేది. పిచ్చయ్య గోడ తడిపేవాడు, ఆరేదాకా కూర్చునేవాడు, మళ్ళీ తడిపేవాడు. ఊడిపోయిన తన ముళ్ళను దారి పొడుగునా గోడల్లో ఏటవాలుగా, మొనలు లోపలికి ఉండేట్టు దిగ్గొట్టాడు. చేపల బుట్టలోని పుల్లల్లాగా, లోపలికి పోయేటప్పుడు తగలవు. వెనక్కి వచ్చేటప్పుడే తగులుతాయి.

కంప అవతల ఓబులుకు ఓపిక తగ్గుతోంది.

"ఇంకా ఎన్నాళ్ళు చెల్లెమ్మా?"

"నా ఇంటికి నీకెందుకన్నా తొందర?"

"తొందరేముంది. ఆలస్యం అమృతం విషం అన్నారని అడిగా."

నలభయ్యో రోజు మధ్యాహ్నం మంగతాయి కంప దగ్గరికి వచ్చింది. "అన్నా, అంతా నువ్వు చెప్పినట్టే చేయించా. మేస్త్రిని తరిమేశా. రేపు పొద్దున గృహప్రవేశం. అందరినీ పిలిచా కానీ నిన్ను పిలవను, ఏమనుకోకు. నువ్వు నక్కవి కదా."

"అయ్యో, నేనెందుకొస్తా చెల్లెమ్మా," అన్నాడు ఓబులు. నోట్లో ఊరిన నీళ్ళు మింగి మరీ అన్నాడు.

మర్నాడు పొద్దు పొడవకముందే ఓబులు గుమ్మం ముందున్నాడు. లోపలికి చూశాడు. తిన్నని దారి. చివర, ఎత్తైన అరలో, నిండు కడుపుతో మంగతాయి కూర్చుని ఉంది. పారిపోవడానికి ఇంకో దారి లేదని అతనికి తెలుసు, వద్దని చెప్పింది తనే కదా.

మంగతాయి లెక్క చూసుకుంటోంది. వెంటనే లేస్తే వాడు ఆగిపోతాడు. ఆలస్యమైతే తనే పోతుంది. నక్క సగం దారి వచ్చేదాకా కదలకూడదని పిచ్చయ్య చెప్పాడు. ఓబులు మూతి వచ్చింది, మెడ వచ్చింది, ముందుకాళ్ళు వచ్చాయి. వాడి ఊపిరి వాసన తన దాకా వచ్చాక, మంగతాయి రాళ్ళ చాటు గుమ్మంలోంచి బయటికి జారింది.

ఓబులు ఒక్క దూకు దూకాడు. భుజాలు గోడల మధ్య ఇరుక్కున్నాయి. కాళ్ళతో తవ్వబోతే గోడ రాయిలా ఉంది. వెనక్కి జరగబోతే ముళ్ళు పిర్రల్లో దిగాయి. అరుపు విని చుట్టుపక్కల పిట్టలన్నీ లేచిపోయాయి.

పైకప్పు మీద కూర్చుని ఎవరో దుంప కొరుకుతున్న చప్పుడైంది.

"ఎవరది? పిచ్చయ్యా? నన్ను బయటికి తియ్యి. గోడ కొంచెం తవ్వు."

"తవ్వొచ్చు ఓబులూ. కానీ ఇరవై రోజులు తడిపి ఆరబెట్టిన గోడ అది. నేను ఊరికే కూర్చున్నానని నువ్వే అన్నావంట."

"పోనీ ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఎట్టా చెప్పగలను? పని మధ్యలో మార్పులు చెప్తే గడువు చెప్పలేం. నువ్వు మూడు చెప్పావు."

తిండీ నీళ్ళూ లేక మూడు రోజులకు ఓబులు చిక్కిపోయి, ముళ్ళతో సహా వెనక్కి జారి బయటపడ్డాడు. కంపలో తన కంతలోంచి పోతుంటే రెండు వైపులా బోలెడంత ఖాళీ మిగిలింది.

ఆ మధ్యాహ్నమే మబ్బు పట్టి పెద్ద జల్లు పడింది. పిచ్చయ్య ముందు గుమ్మాన్ని అప్పటికే పూడ్చి, సగం ముల్లు కొలతకు తెచ్చాడు. వాన తగ్గాక లోపలి గోడ మీద చెయ్యి వేసి చూశాడు. పొడిగా ఉంది. మంగతాయి మాత్రం ముల్లు పట్టుకుని రెండు గుమ్మాలూ, అరా, దారీ మళ్ళీ తనే కొలుచుకుంది. పిచ్చయ్యకు అది నచ్చింది.

"నలభై రోజులన్నావు, నలభై మూడయింది," అంది ఆమె, కొలతముల్లు తిరిగిస్తూ.

"ఆ మూడు రోజులూ నక్కవి తల్లీ. నా లెక్కలో వెయ్యకు."

మర్నాడు ఆ అరలో నాలుగు పిల్లలు పుట్టాయి. మళ్ళీ వాన మొదలైంది. కంప అవతల, రేగుపొద కింద ఓబులు తడుస్తూ, తనే కొలతలు చెప్పి కట్టించిన ఇంటివైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇల్లు ఎన్నాళ్ళకు పూర్తవుతుందని అడిగేముందు, అది ఎవరి కొలతకు లేస్తోందో చూసుకోవాలి.